చిన్న కంప్రెసర్

విచారణకొచ్చి ముందు గదిలో కూర్చున్న అధికారి కోసం టీ వడకడుతుంటే తన పేరు వినిపించింది ఖతీజాకి.

"మా ఆవిడ ఖతీజా ఇంజనీరింగ్ చదివిందండి. డిజైనంతా ఆమెదే. చదువుకున్న మనిషి కదా అని నమ్మాం," అంటున్నాడు ఫహీం.

పెళ్లై రేపల్లె వచ్చాక, అత్తింటి ఐస్ ఫ్యాక్టరీ పని గురించి భర్త ఆమె పేరు చెప్పడం ఇదే మొదటిసారి. కరెంటు ఎక్కడ వృథా అవుతోందో ఇన్నేళ్లూ వెతికింది ఆమే, అదీ వంటయ్యి, అంట్లు తోమాక. జీతం మాటెత్తితే ఫహీం నవ్వాడు. "ఇంటి మనిషికి జీతమేంటి? రేపు కూరకి కూడా రేటు చెప్తావా?" ఐసు కొనే రొయ్యల చెరువుల వాళ్లు కరెంటు బిల్లు తగ్గిందట కదా అని మెచ్చుకుంటే, "మా అబ్బాయి బుర్రండీ" అనేది అత్త కరీమాబీ.

వేసవికి ముందు, కరెంటు తగ్గించాలంటే మిషను దగ్గర మొదలుపెట్టొద్దని భర్తకి నచ్చజెప్పచూసింది. ఐసు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఐసు గడ్డకట్టే ఉప్పునీటి తొట్టి చుట్టూ చలి బయటికి పోకుండా మందంగా కప్పాలి. వంపులు తిరిగిన పాత పైపులు తీసేసి, వెడల్పాటివి తిన్నగా వెయ్యాలి. వేడి వదిలే గొట్టాలని ఎండ గోడ నుంచి నీడకి మార్చాలి. ఇవన్నీ అయితేనే పెద్ద కంప్రెసర్ తీసేసి చిన్నది పెట్టొచ్చు.

ఫహీం ఆ ఆఖరి మాటొక్కటే విన్నాడు. చిన్న కంప్రెసర్ వచ్చింది. మిగతావి వచ్చే ఏడాది చూద్దామన్నాడు. ప్రమాదమని ఆమె గట్టిగా చెప్పిన రోజున, "క్లాసు చాల్లే గానీ, అన్నం పెట్టు" అన్నాడు.

"పైపులెప్పుడొస్తాయమ్మా? నేను ముసలోణ్ణయ్యాకా?" అని టీ గ్లాసు అందుకుంటూ వేళాకోళమాడేవాడు కంప్రెసర్ చూసుకునే లాజరు.

చిన్న మిషను రాత్రీపగలూ ఆగకుండా తిరిగింది. ఆ అదురుకి పాత పైపు వంపు దగ్గర అతుకు విడిపోయి, లోపలి అమ్మోనియా గ్యాసు కమ్మేసింది. అందరూ బయటికి పరుగెత్తారు. లాజరు వాల్వు కట్టేయడానికి లోపలికి వెళ్లాడు. తెనాలి ఆసుపత్రి నుంచి అతన్ని తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. అతని భార్య ప్రమీలారాణి పక్కన రాత్రంతా కూర్చుంది ఖతీజా.

ఇప్పుడు కరీమాబీ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"అడిగితే నాదేనని ఒప్పేసుకో. ఆడమనిషి, తెలీక చేసిందనుకుంటారు. వాడి మీదికొస్తే ఇల్లు గడవదు. వాళ్లకి టీ ఇచ్చి వచ్చెయ్."

ఖతీజా ట్రే పట్టుకెళ్లి బల్ల మీద పెట్టింది. అధికారి తలెత్తాడు.

"డిజైను మీదేనామ్మా?"

"నాదేనండి."

ఫహీం ఊపిరి వదిలాడు.

"నాదేనండి. కానీ వీళ్లు కట్టింది అది కాదు. అందులోంచి ఒక్క మిషను తెచ్చి, మిగతాదంతా వదిలేశారు. పదండి, ఫ్యాక్టరీలోనే నిలబడి ఒక్కొక్కటీ చూపిస్తాను."

"ఖతీజా, నువ్వు లోపలికెళ్లు," అన్నాడు ఫహీం.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోంచి కరీమాబీ కేకేసింది. ఖతీజా గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది.