పది కుట్లు

ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. టీషర్టుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం ఇప్పించింది మాత్రం పిన్ని. ఆవిడ అక్కడే పందొమ్మిదేళ్లుగా మిషన్ కుడుతోంది.

చేరిన నాలుగో రోజే పిన్ని కుట్టిన కట్ట ఆమె బల్ల మీదికి వచ్చింది. అంచు కుట్టుకి అంగుళానికి పన్నెండు కుట్లుండాలి. మడత లేకుండా రెండు బొటనవేళ్లతో బట్టని బిగించి పట్టుకుని, అంగుళం గడి ఉన్న భూతద్దంలోంచి లెక్కపెట్టింది. పదే ఉన్నాయి. మరో అయిదు షర్టులు చూసినా పదే. అయినవాళ్లని వెనకేసుకొచ్చిందన్న మాట పడకూడదని, తిప్పి పంపే ఎర్ర చీటీ కట్టి అందరి ముందూ గట్టిగానే చెప్పింది.

"పన్నెండు కావాలి పిన్నీ. రూలంటే రూలే."

పిన్ని తలొంచుకుని కట్టలో ముప్పై షర్టుల అంచులు విప్పి, మళ్ళీ కుట్టి, మధ్యాహ్నానికి తెచ్చింది.

మళ్ళీ పదే.

"మెకానిక్ చూశాడే. మిషన్ బాగానే ఉందన్నాడు. నా చెయ్యే పోయిందంటావా?" అంది పిన్ని. "ఏదీ, నన్నొకసారి చూడనీ."

షర్టుని బల్ల మీద వదులుగా పరిచి భూతద్దం పెట్టింది.

"నువ్వే లెక్కపెట్టు. చెయ్యి మాత్రం వెయ్యకు."

పన్నెండు. కట్టలో ఇంకా విప్పకుండా మిగిలిన షర్టు ఒకటి లాక్కుని చూసింది. అదీ పన్నెండే. అల్లిక బట్ట, లాగితే సాగుతుంది, కుట్లు దూరం జరుగుతాయి. ఆ మాట పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

ఆమె కుర్చీ వెనక్కి జరిపింది.

"పోనీలే, గట్టిగా అనకు. కొత్త ఉద్యోగం," అంది పిన్ని.

అయినా ఆమె లేచి, మిషన్ల వరస మధ్యకి వెళ్లి నిలబడింది.

"తప్పు నాది. లాగి కొలిచాను. పిన్ని కుట్టు సరిగ్గానే ఉంది."

"డిగ్రీలో పన్నెండు దాకా లెక్క రాలేదా అమ్మాయ్?" అన్నాడు సూపర్‌వైజర్. వరసంతా నవ్వింది, పిన్ని తప్ప.

ఆమె ఎర్ర చీటీ విప్పింది. అంచుల వెంట విప్పేసిన కుట్ల సూది చిల్లులు వరసగా కనిపించాయి.

"ఉతికితే పోతాయా పిన్నీ?"

"కొన్ని పోతాయి," అని పిన్ని మిషన్ వైపు తిరిగింది.