ఎవరి ఫ్రీజరుకి ఎవరి కరెంటు

శనివారం పొద్దుటి నుంచి మొరేనికే కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఫ్రీజరు మూత ఎత్తుతుంది, వరసగా పేర్చిన జోబో పానీయం పొట్లాలను వేలితో నొక్కి చూస్తుంది, రాళ్లలా గడ్డకట్టాయని మురిసిపోయి మూత వేస్తుంది. కాసేపటికి మళ్లీ ఎత్తుతుంది.

"అస్తమానం అలా ఎత్తితే చలంతా బయటికి పోతుంది మొరే," అన్నాడు డోటున్, మంచం మీద కూర్చుని చొక్కా గుండీ కుట్టుకుంటూ.

"సాయంత్రానికి ఇది ఫ్రీజరుగా ఉంటుందో, మళ్లీ బీరువా అయిపోతుందో! ఉన్నంతసేపైనా చూసుకోనీ."

ఆ ఫ్రీజరు మొరేనికే వాళ్లమ్మ పెళ్లికిచ్చిన కానుక. ఇబాదాన్‌లో వాళ్లుంటున్న ఆ పాత మేడకి వెనక వీధి లైను నుంచి కరెంటు వచ్చేది. వచ్చేది అనడం కూడా మర్యాదకే. అందుకే కాపురానికి వచ్చిన కొత్తలో మొరేనికే అందులో పెళ్లి బట్టలు మడిచి పెట్టుకుంది, డోటున్ మంచి బూట్లు దాచుకున్నాడు. "మా ఆవిడ నా బూట్లు చల్లగా చూసుకుంటుంది," అని తను పనిచేసే అచ్చు ప్రెస్సులో తోటివాళ్లకి చెప్పి నవ్వించేవాడు.

అలాంటిది కిందటి నెల కరెంటు కంపెనీ వాళ్లు వచ్చి, ముందు రోడ్డు మీద ఎ బ్యాండు లైను ఉంది, దానికి మారితే రోజుకి ఇరవై గంటలు కరెంటు ఖాయం అన్నారు. ధర మాత్రం దగ్గర దగ్గర మూడింతలు. నెల రోజులు వాడి చూడండి, నచ్చకపోతే వెనక్కి మార్చేస్తాం అన్నారు. ఇంటి యజమాని అల్హాజీ కిందా పైనా అద్దెకున్న వాళ్లందరినీ పిలిచి ఒకే మాట చెప్పాడు. "మీటరు ఒకటే. కాబట్టి అందరూ సరే అంటేనే ఉందాం. ఒక్కరు కాదన్నా వెనక్కి వెళ్లిపోదాం."

ఆ నెల ఈ సాయంత్రంతో ముగుస్తుంది.

మొరేనికేకి ఆ నెలంతా పండగే. తెల్లారి మెలకువ వచ్చేసరికి ఫ్యాను తిరుగుతూనే ఉండేది. డోటున్‌ని మోచేత్తో పొడిచి, "లే, లే, ఇంకా తిరుగుతోంది చూడు!" అనేది. వాడు కళ్లు తెరవకుండానే, "ఫ్యాను తిరక్క నాట్యం చేస్తుందా?" అని అటు తిరిగి పడుకునేవాడు. ఆమె మాత్రం వెల్లకిలా పడుకుని ఆ రెక్కలను చూస్తూ ఉండిపోయేది. యూనివర్సిటీలో ఆహారశాస్త్రం చదివి, చదివినదంతా ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగిన మనిషి. ఇప్పుడు గోంగూర పువ్వులాంటి ఎర్రటి జోబో పువ్వు మరిగించి, అల్లం, అనాస కలిపి, చిన్న చిన్న పొట్లాల్లో గడ్డకట్టించింది. రోడ్డవతలి బడి హెడ్మిస్ట్రెస్ ఒకటి చీకి చూసి, నాలుకంతా ఎర్రగా చేసుకుని, "సోమవారం నుంచి రోజూ పంపించు," అంది. మొరేనికే రోడ్డు దాటి ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే గుర్తు లేదు.

కానీ మీటరు ఊరుకోలేదు. నెలకని అందరూ కలిసి కొన్న యూనిట్లు సగం నెలకే హరించుకుపోయాయి. మళ్లీ కొన్నారు. అవీ అయిపోవచ్చాయి. గదికింత అని సమానంగా వేసుకోవడం ఆ ఇంటి పద్ధతి. రెండోసారి చందా అడిగినప్పుడు అందరి కళ్లూ మేడ మీదికి, మొరేనికే గది వైపు తిరిగాయి.

"ఆ గదిలో ఉన్నది ఫ్రీజరు కాదండీ, ఏనుగు," అన్నాడు కింద వాకిట్లో క్షౌరశాల నడిపే కజీమ్. "యూనిట్లు మేస్తోంది!"

కింది గదిలో ఒంటరిగా ఉండే ముసలామె, అందరూ ఇయా అని పిలిచే ఆవిడ, అది కూడా అనలేదు. ఆసారి చందా వసూలు చేస్తున్న మొరేనికే చేతిలో డబ్బు పెట్టి, "నీ పొట్లాలు బాగున్నాయా కొత్త పెళ్లికూతురా?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న మొరేనికేకి ముల్లులా గుచ్చుకుంది. ఇయా గదిలో ఉన్నది ఒక బల్బు, ఒక రేడియో. నిజంగానే ఆవిడ బల్బు తన ఫ్రీజరుని మోస్తోందా?

మధ్యాహ్నానికి ఇక ఉండబట్టలేకపోయింది. "తేల్చేస్తాను," అని లేచింది.

"ఏం తేలుస్తావు?"

"ఏనుగు ఎంత తింటోందో."

ఫ్రీజరు ప్లగ్గు పీకేసింది. కజీమ్ భోజనానికి వెళ్లే వేళ చూసి అతని మిషన్లు ఆపించింది. అల్హాజీ మసీదుకి వెళ్తూ తన గదిలోవి ఆపేసి వెళ్లాడు. ఇయా తన బల్బు తనే ఆర్పేసింది. మిగతా గదుల వాళ్లనీ బతిమాలి అన్నీ ఆపించింది. ఇల్లంతా చడీచప్పుడు లేకుండా అయ్యాక మెట్ల కింద ఉన్న మీటరు ముందుకి వెళ్లి నిలబడింది. కరెంటు వాడకం ఎంత ఎక్కువైతే అంత వడిగా కొట్టుకునే ఎర్ర దీపం ఒకటి ఉంటుంది దానికి. అన్నీ ఆపేశాక అది కూడా నిద్రపోవాలి.

అది నిద్రపోలేదు. పరుగెత్తుకొచ్చిన వాడి గుండెలా టకటకా కొట్టుకుంటోంది.

మొరేనికేకి ఒళ్లు జలదరించింది. ఎవరో దొంగతనంగా వాడుకుంటున్నారా? గోడలు చూసింది, తీగలు చూసింది. అప్పుడు ఆ నిశ్శబ్దంలో, పెరటి వైపు నుంచి ఒక సన్నటి మోత వినిపించింది. నెలంతా వింటూనే ఉంది ఆ మోత. పక్కింటి వాళ్ల జనరేటరు అనుకుంది. ఇబాదాన్‌లో పుట్టి పెరిగిన చెవికి జనరేటరు మోత మోతే కాదు.

పెరట్లోకి వెళ్లింది. హర్మటాన్ గాలికి ఊరంతా దుమ్ము కొట్టుకుపోయి, ఆకులన్నీ ఎండి గలగలమంటున్న కాలం. ఇయా ఎవెడు ఆకుకూర మడి మాత్రం మోకాలెత్తున పచ్చగా నవనవలాడుతోంది. దాని పైన, నీళ్ల ట్యాంకు అంచు నుంచి సన్నటి ధార ఆగకుండా కారుతోంది. బావి పక్కన మోటారు తిరుగుతోంది. మోటారు స్విచ్చు ఎవరూ పొరపాటున ఆపకుండా, వేసిన చోటే ఉండేలా దాని మీద టేపు అంటించి ఉంది.

బంగారు రంగు టేపు. తమ పెళ్లిలో అతిథులకిచ్చిన కానుకలు చుట్టిన టేపు.

"డోటున్!"

వాడు పరుగెత్తుకొచ్చాడు. స్విచ్చు చూశాడు, ట్యాంకు చూశాడు, పెళ్లాం మొహం చూశాడు.

"నువ్వు నీళ్లు మోయకూడదని," అన్నాడు మెల్లగా. "వచ్చిన కొత్తలో బిందెతో మెట్లెక్కుతుంటే చూడలేకపోయాను. కరెంటు ఎప్పుడొచ్చినా ట్యాంకు నిండాలని అంటించాను. అప్పట్లో వచ్చేదే అరగంట. ఆపడానికి మనమెందుకు, వాళ్లే ఆపేవాళ్లు కదా! లైను మారాక దీని సంగతే మర్చిపోయాను."

మొరేనికేకి కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. టేపు పీకింది, స్విచ్చు ఆపింది. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది.

"ఎవరికీ చెప్పొద్దు," అన్నాడు డోటున్. "వచ్చే నెల ఎలాగూ యూనిట్లు మిగులుతాయి. అందరూ సంతోషిస్తారు."

"వచ్చే నెల ఎక్కడుంది బాబూ? సాయంత్రం ఇయా కాదంటే రేపు వెనక లైనే. నీ పరువు కోసం నా ఫ్రీజరు బీరువా కావాలా?"

"కజీమ్ గాడు నన్ను చచ్చేదాకా వదలడు మొరే."

"వదలకపోతే జుట్టు ఇంకోచోట కత్తిరించుకో."

మొరేనికే పైకెళ్లి ఫ్రీజరు ప్లగ్గు మళ్లీ పెట్టింది. సాయంత్రం వాకిట్లో బెంచీలు వేశారు. అల్హాజీ టోపీ సర్దుకుని మొదలుపెట్టకముందే కజీమ్ అందుకున్నాడు.

"నా మాట ఒకటే. ఉందాం. జనరేటరుకి పోసే పెట్రోలుతో పోలిస్తే ఇది చవకే. గడ్డం సగం గీశాక కరెంటు పోతే ఆ మనిషి మొహం నేను చూడగలనా? కానీ ఆ ఏనుగుని మాత్రం కట్టెయ్యాలి."

"నీకు జనరేటరు ఉంది కాబట్టి చవక," అంది ఇయా. "నాకు లేదుగా. నేను దేనితో పోల్చుకోను, చందమామతోనా?"

అందరూ నవ్వారు. ఇయా నవ్వలేదు.

"వెనక లైనులో ఉన్నప్పుడు చీకటి అందరికీ సమానం నాయనా, కట్టేదీ సమానం. ఇప్పుడు వెలుగు మీకెక్కువ, కట్టేది మాత్రం సమానమే. ఇదేం న్యాయం అల్హాజీ?"

అల్హాజీ జపమాల పూసలు తిప్పాడు. మొరేనికే లేచి నిలబడింది. మధ్యాహ్నం చూసినదంతా చెప్పింది. బంగారు టేపు ముక్క అరచేతిలో పెట్టి చూపించింది.

కజీమ్ బెంచీ మీద చరిచాడు. "అయితే నెలంతా ఇయా పంచిపెట్టిన ఎవెడు... మనం అమలా ముద్దలోకి నంజుకు తిన్నది కరెంటేనన్నమాట! ఓరి డోటునూ, పెళ్లాం మీద ప్రేమ ఉండొచ్చు గానీ, మీటరు తిరిగేంత ఉండకూడదురా!"

డోటున్ తల వంచుకుని చెవులు రుద్దుకున్నాడు. ఇయా మాత్రం కొంగు చివర వేళ్లతో నలుపుతూ, "ధార పడుతుంటే చూశాను," అంది. "గొట్టం కారుతోందేమో, చెబితే బాగుచేయించేస్తారేమో అని ఊరుకున్నాను. ఈ ఎండల్లో దేవుడే పోస్తున్నాడనుకున్నాను."

అంతలో కరెంటు పోయింది.

వాకిట్లో బల్బు ఆరింది. కజీమ్ కొట్లో పాట మధ్యలో తెగింది. మొరేనికే గుండెల్లో రాయి పడింది. సరిగ్గా ఇప్పుడేనా? మసక వెలుతురులో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఇందుకేనా మూడింతలు కట్టేది?" అన్నారు ఎవరో.

"ఇరవై గంటలన్నారు, ఇరవై నాలుగు అనలేదు," అన్నాడు అల్హాజీ. ఆయన గొంతులో కూడా నమ్మకం లేదు.

మొరేనికే మేడ మీదికి చూసింది. పైన పొట్లాలు మెత్తబడిపోతున్నట్టు, బడి గేటు దగ్గర పిల్లలు వట్టి చేతులతో నిలబడినట్టు కళ్ల ముందు కదిలింది. కూర్చోలేకపోయింది. మెట్ల దాకా వెళ్లింది, మళ్లీ వచ్చింది. డోటున్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది, తర్వాత తనే పట్టుకుంది.

బల్బు వెలిగింది.

"అప్ నేపా!" అని కేక. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, ఇయా. కరెంటు తిరిగి రాగానే పాత కరెంటు కంపెనీ పేరు పెట్టి ఊరంతా కొట్టే జై అది, నెల రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ వెయ్యని కేక. వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, అప్పటికే వాకిలంతా ఘొల్లుమంది. ఆవిడ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

"అలవాటు," అంది సిగ్గుపడుతూ. "వెలుగు వస్తే నోరు ఊరుకోదు."

"ఉండమంటావా మరి?" అడిగాడు అల్హాజీ.

"ఉంటాను. కానీ బల్బు వాళ్లది బల్బంత, ఫ్రీజరు వాళ్లది ఫ్రీజరంత."

అందరూ మొరేనికే వైపు చూశారు. ఆమె మనసులో లెక్క వేసుకుంది. పొట్లం ధర కాస్త పెంచాలి. హెడ్మిస్ట్రెస్ మొహం చిట్లిస్తుంది. మొదటి నెల చేతికి మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు. అయినా ఇయా చందా ఇస్తూ అడిగిన ప్రశ్న ఇక గుచ్చుకోదు.

"సరే ఇయా," అంది. "ఫ్రీజరంత నాది."

"ఇంకొకటి. మోటారు స్విచ్చు నా చేతిలో ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేస్తాను. మరి నా ఎవెడు మడికి నీళ్లెవరు పోస్తారు?"

కజీమ్ డోటున్ వైపు చూపుడువేలు చాచాడు.

ఆ సాయంత్రమే బాకీ తీర్చడం మొదలైంది. మేడ మీద కిటికీలోంచి మొరేనికే చూస్తోంది. డోటున్ చేతికొక బకెట్టు పట్టుకుని, ఒళ్లంతా తడుపుకుంటూ ఎవెడు మడి దగ్గరికి నడుస్తున్నాడు. వెనకాల ఇయా, "మొదళ్లలో పొయ్యి నాయనా, ఆకుల మీద కాదు," అని అదిలిస్తోంది. మొరేనికే పొట్ట పట్టుకుని నవ్వింది. అంతలోనే ఏదో గుర్తొచ్చి పరుగున వెళ్లి, ఫ్రీజరు మూత ఎత్తి పొట్లం నొక్కి చూసింది.

గట్టిగానే ఉంది. ఒకటి తీసుకుంది. మొగుడికి ఇద్దామని మెట్లు దిగుతూ, దారిలో తనే చివర కొరికింది.