నిప్పుల జల్లెడ

నేను ఒక జల్లెడను. పిండి జల్లించేదాన్ని అనుకునేరు, కాదు. ఆవిరి ఇంజను పొగపెట్టెలో, పొగగొట్టం కింద కూర్చుని నిప్పురవ్వలను పట్టుకునేదాన్ని. పొగ పోవచ్చు, రవ్వ పోకూడదు. నా బతుకంతా ఆ ఒక్క నియమమే.

నన్ను అల్లిన ముసలి కమ్మరి ప్రతి కంతలోనూ శనగగింజ పెట్టి చూశాడు. గింజ దిగిన చోట తీగ విప్పి మళ్లీ అల్లాడు. అంత చాదస్తం ఉన్న మనిషిని మళ్లీ నేను చూడలేదు. ముప్పై ఏళ్లు గూడ్సు బండి లాగే ఇంజనులో పనిచేశాను. డీజిలు వచ్చాక మమ్మల్ని షెడ్డులో పడేస్తే పిచ్చుకలు నాలో గూడు పెట్టుకున్నాయి. తర్వాత ఏమైందో ఏమో, మనుషులకు పాతదంటే ప్రేమ పుట్టుకొచ్చింది. పనిచేసినన్నాళ్లూ మసిముండా అని తిట్టిన ఇంజనుకే రంగు వేసి, బంతిపూల దండ వేసి, ఎర్రకొండ ఘాటు దారి మీద టికెట్టు పెట్టి తిప్పసాగారు.

ఎండాకాలంలో మా రైలు వెనక పావుగంట ఎడంతో ఒక మోటారు ట్రాలీ వచ్చేది. దాని మీద మద్దిలేటి, రెండు పీపాల నీళ్లు, తడి గోనెసంచులు. రైలుకట్ట మీద ఎక్కడ గడ్డి అంటుకున్నా దిగి సంచితో బాది ఆర్పడం అతని పని. ఇంకో పని కూడా ఉంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి కట్ట మీది గడ్డి పిడికెడు తెంపి నలిపేవాడు. వంగితే ఆవిరి బండి పోవచ్చు. పొడి అయితే ఆ రోజుకు డీజిలు తగిలించాలి. నలిపి, చూసి, పుస్తకంలో సంతకం పెట్టేవాడు. అతని జీతమూ, పెళ్లాం బిడ్డలతో ఉంటున్న క్వార్టరూ ఆ పిడికిలి మీదే నిలబడ్డాయి.

ఆ మే నెల రోజున పట్నం నుంచి కెమెరాలవాళ్లు నలభైమంది దిగారు. మద్దిలేటి వచ్చి, డ్రైవరు శేషఫణి ముందు అరచెయ్యి తెరిచాడు.

"బూడిద మాదిరి అయితాంది సారూ. ఈ పొద్దు ఆవిరి వద్దు."

"డీజిలు ముందర ఫోటో దిగేకి వచ్చినారా వాళ్లు? నీళ్ల గొట్టం కింద గడ్డి గడ్డి కాదా? పోయి దాన్ని నలుపు పో."

మద్దిలేటి మంచివాడు. మంచివాళ్లకుండే జబ్బే అతనికీ ఉంది, ఎదుటివాడు గొంతు పెంచితే తన కళ్లను తానే నమ్మడు. గొట్టం కింద నీళ్లు కారి ఎప్పుడూ తడిగా ఉండే గడ్డి నలిపాడు. వంగింది. 'పచ్చి' అని రాసి సంతకం చేశాడు.

ఇక నా వంతు. నా కంతలన్నీ మసితో పూడి ఉన్నాయి. అలా ఉంటే మంట రాజుకోదు, ఇంజను ఘాటెక్కదు. బ్రష్షుతో గీకితే గంట పడుతుంది. గడ్డపారతో పొడిస్తే ఒక్క పోటు. శేషఫణి పొడిచాడు. శనగగింజ దిగని నాలోంచి ఇప్పుడు కొబ్బరికాయ దూరుతుంది.

ఇంజను ఊపుగా ఘాటెక్కింది. నల్లటి పొగ చూసి జనం చప్పట్లు కొట్టారు. పట్టపగలు రవ్వలు కంటికి ఆనవు. నాకు మాత్రం తెలుసు, నేను చేయగలిగింది ఏమీ లేదు.

మలుపు దగ్గర గొర్రెలకాపరి బీరప్ప ముళ్లకంప దొడ్డి ఉంది. తల్లులు మేతకు పోయాయి. దొడ్డిలో ఉన్నవి గొర్రెపిల్లలే, పద్దెనిమిది. పావుగంట ఎడం మనుషులు పెట్టుకున్న లెక్క, నిప్పు దాన్ని ఒప్పుకోలేదు. మద్దిలేటి వచ్చేసరికి కంప అంటుకుంది. ఉత్త చేతులతో దాన్ని లాగి రెండు పిల్లల్ని బయటపడేశాడట. మిగతావాటి అరుపులు కాసేపే వినిపించాయట. ఇవన్నీ షెడ్డులో చెప్పుకోగా విన్నాను.

మర్నాడు మధ్యాహ్నం విచారణకు అధికారులు వస్తారనగా, పొద్దున్నే శేషఫణి మద్దిలేటిని పిలిచాడు.

"సన్నటోడివి, పొగపెట్టెలోకి నువ్వైతే దూరతావు. ఈ చిల్లు కుట్టు. నీ మీదికి మాట రానీను."

"ఇది ఎప్పుడు పడింది సారూ?"

"పాతదేలే."

దొంగగడ్డి నలిపిన పాపమే ఆ పిల్లల్ని కాల్చిందని రాత్రంతా ఏడ్చిన మనిషి, ఇంకొకరి పాపం కోసం వెతకలేదు. చేతులకు కట్లు ఉంటే పట్టకారు పట్టు దొరకలేదు. కట్లు విప్పేశాడు. కొత్త తీగతో ఒక్కొక్క కంతా కుట్టాడు, కమ్మరి అంత శ్రద్ధగా. అతని వేళ్ల తోలు నా తీగలకు అంటుకుని ఊడి వచ్చింది.

అధికారి టార్చి వేసి చూసి, జల్లెడ భేషుగ్గా ఉందని రాసుకున్నాడు. ఇంజనులో తప్పు లేదు గనక తప్పు మనిషిదే కావాలి. పుస్తకం తెరిచారు.

"ఏమప్పా, సంతకం నీదేనా?" అన్నాడు శేషఫణి, అందరికంటే ముందు.

"నాదే సారూ."

ఉద్యోగం పోయింది. వారంలో క్వార్టరు ఖాళీ చేయించారు. సామాను బండికెక్కుతుంటే బీరప్ప వచ్చి అతని ముందర ఉమ్మేసి పోయాడు.

నన్నిప్పుడు స్టేషను పక్కన మ్యూజియంలో గోడకు తగిలించారు. 'ఒక్క రవ్వనూ బయటికి పోనివ్వని జల్లెడ' అని కింద బోర్డు. రిటైరైన శేషఫణి ఆదివారాల్లో వచ్చి, ఎండాకాలంలో బండి ఎంత జాగ్రత్తగా నడపాలో చూడవచ్చినవాళ్లకు వివరిస్తాడు. బాగా చెబుతాడు కూడా.

మొన్న మద్దిలేటి టికెట్టు కొనుక్కుని వచ్చాడు. బోర్డు రెండుసార్లు చదివాడు. ముడుచుకుపోయిన వేలు చాచి నా కుట్టు మీద పెట్టాడు.

"చెయ్యి పెట్టకూడదు పెద్దాయనా, ఇవి ప్రభుత్వం వస్తువులు" అన్నాడు కాపలాదారు.

మద్దిలేటి చెయ్యి తీసేశాడు. ముట్టుకున్నది తన తోలునేనని చెప్పుకోవడం అతనికి చేతకాలేదు.