పదికి ఎనిమిది

మా అమ్మాయి కుడిచేతికి కట్టు ఉండటంతో పదిరోజులుగా ఆమె జడ నేనే వేస్తున్నాను. ఆ ఉదయం కాలేజీవాళ్ళిచ్చిన ఫారం కూడా నేనే నింపాల్సి వచ్చింది. విద్యార్థుల సంతోషం గురించిన సర్వే అది. నిద్ర, చదువు, స్నేహితుల గురించి అడిగాక చివరి ప్రశ్న వచ్చింది. "మీ జీవితం మీకు తృప్తిగా ఉందా? పదికి ఎన్ని మార్కులు వేస్తారు?"

వాళ్ళమ్మ పోయిన ఈ రెండేళ్ళలో ఆ మాట అడిగే ధైర్యం నాకు రాలేదు. మూడో నాలుగో అంటుందేమోనని నా చేయి ఆగిపోయింది.

"ఎనిమిది వెయ్యి నాన్నా."

"రాసేది నేనని మొహమాటపడకమ్మా."

"నీ దగ్గర మొహమాటమేంటి? అమ్మ లేదుగా, అందుకొకటి కోసేశా. ఇంకోటి నువ్వేసే జడకి."

కళ్ళు చెమర్చినా, ఎనిమిది మాత్రం గుండ్రంగా కుదిరింది.

ఇంతలో ఆమె స్నేహితురాలు గుమ్మంలోకి వచ్చింది. "ఏంటే ఆ జడ? గాలివానలో చిక్కుకున్నావా?"

"మా నాన్న వేశాడు. నీక్కావాలంటే రేపు పొద్దున్నే వచ్చి లైన్లో నిలబడు," అంటూ మా అమ్మాయి ఆ వంకర జడను అందరికీ కనిపించేలా ముందుకు వేసుకుని బయలుదేరింది.

నేను వీధిలోకి వచ్చి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

"అమ్మాయి కాలేజీకా?" అని ఎదురింటాయన పలకరించాడు.

"పదికి ఎనిమిదండీ!" అన్నాను.