ముప్పై ఒక్క ఆదివారాల చప్పుడు

చప్పుళ్లాయన పోయిన మూడు వారాలకు ఆయన కూతురు రికార్డిస్టుకు ఫోన్ చేసింది.

"బాబాయ్, మీ ఆదివారం మీటింగులన్నీ మీరు రికార్డు చేసేవారట కదా. గురువారం పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తాను."

"ముప్పై ఒకటి ఉన్నాయమ్మా. తప్పకుండా రా."

"అమ్మ కోసం. నలభై ఏళ్లు ఆ గోల ఆపమని నాన్నను తిట్టింది. ఇప్పుడు ఇంట్లో చప్పుడు లేక నిద్ర పట్టడం లేదంటోంది. నాన్న గొంతు నా ఫోన్‌లో ఉంది, బస్సెక్కావా, అన్నం తిన్నావా అంటూ. ఆ చప్పుళ్లే ఎక్కడా లేవు."

రికార్డిస్టు, చప్పుళ్లాయన ఒకే రేడియో స్టేషన్‌లో, నాటకాల విభాగంలో ఇరవై ఏడేళ్లు పనిచేశారు. నాటకంలో తలుపు తీసినా, వాన పడినా, గుర్రం పరిగెత్తినా ఆ చప్పుడు చేసేది చప్పుళ్లాయన. రెండో స్టూడియో మధ్యలో గోడ లేని తలుపు ఒకటి ఉండేది. దానికి మూడు గొళ్లాలు: ఒకటి పేదింటిది, ఒకటి ఆఫీసుది, ఒకటి జైలుది. పక్కన ఇసుక తొట్టి, కంకర తొట్టి, రేకు ముక్కలు, పాత చెప్పులు. ఎర్ర దీపం వెలిగాక రికార్డిస్టు అద్దం వెనక నుంచి చెయ్యి దించేవాడు. ఇవతల చప్పుళ్లాయన గొళ్లెం తీసేవాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా చెయ్యి కంటే ముందు గొళ్లెం కదల్లేదు.

ఆ నాటకాలేవీ మిగల్లేదు. టేపులు చాలేవి కావు. ప్రసారం అయిన నెలలోపే చెరిపేసి, వాటి మీదే కొత్తవి ఎక్కించేవారు. చెరిపే పని కూడా రికార్డిస్టుదే.

రిటైరయ్యాక ముగ్గురూ మూడు ఊళ్లలో ఉండిపోయారు. మూడో మనిషి అనౌన్సరు. ఇంట్లో కూరగాయలు కొనమని చెప్పినా వార్తలు చదివినట్టే చెబుతుంది. ప్రతి ఆదివారం పది గంటలకు వీడియోలో కలుద్దామన్నది ఆవిడే. రెండో వారానికే చప్పుళ్లాయన ఫోన్‌ను వంటింటి గట్టు మీద నిలబెట్టి, ఏ నాటకంలో ఏ చప్పుడు ఎలా చేశాడో చేసి చూపించడం మొదలుపెట్టాడు. అప్పుడు రికార్డిస్టుకు అనిపించింది, ఈసారి చెరగకూడదని. కంప్యూటర్ తెర మీద కనిపించేదంతా వీడియోగా పట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టించుకున్నాడు. మొదటి రోజు పద్ధతి ప్రకారం మైకు ముందు "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. తిరిగి వేసి విన్నాడు. బాగా పడింది. ఆ తరవాత ప్రతి వారం మీట నొక్కడం, మీటింగు అయ్యాక ఆపడం, తేదీ వేసి దాచడం. ఏడు నెలలు అలా చేశాడు.

కూతురు ఫోన్ పెట్టేశాక, ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని మొదటి ఫైలు తెరిచాడు. చప్పుళ్లాయన కొబ్బరి చిప్పలు రెండు చేత పట్టుకుని గట్టు మీద కొడుతున్నాడు. చప్పుడు లేదు. ఆయన నోరు కదిలింది. మాట లేదు. తరవాత రికార్డిస్టు గొంతే వినిపించింది: "గుర్రం కుంటుతోందిరా."

రెండోది తెరిచాడు. పదోది తెరిచాడు. ముప్పై ఒకటీ తెరిచాడు. అన్నింట్లోనూ తన గొంతే.

మర్నాడు కంప్యూటర్ షాపు మెకానిక్ చూసి చెప్పాడు. "సౌండుకి రెండు గళ్లు ఉంటాయి సార్. ఒకటి మీ మైకు, రెండోది కంప్యూటర్‌లో నుంచి వచ్చేది. మీరు రెండోదానికి టిక్ పెట్టలేదు."

"సౌండు మైకులో నుంచి కాక ఇంకెక్కడి నుంచి వస్తుంది?"

"అవతలివాళ్ల మాట మీ మైకులోకి రాదు కదా సార్. స్పీకర్ ఆన్‌లో ఉన్నా గదిలో వినపడి కొంతైనా పడేది. మీరు ఇయర్‌ఫోన్ పెట్టుకున్నట్టున్నారు."

"మైకు తెరిచి ఉండగా స్పీకర్ పెడతామా ఎక్కడైనా? కూత పెట్టదూ?"

మెకానిక్ పక్కకు తిరిగాడు. అక్కడ వేరే కస్టమర్ ఉన్నాడు.

సాయంత్రం అనౌన్సరుకు ఫోన్ చేశాడు. ఆవిడ అంతా విని, "మా మనవరాలైతే ఇయర్‌ఫోన్ లేకుండా గదంతా మోగించేది. దానికి పడేవన్నమాట. అన్నయ్యగారూ, మీకు పని వచ్చు కాబట్టి పడలేదు," అంది.

"ఎగతాళి తరవాత చేద్దువుగాని. ఆ పిల్లకు ఏం చెప్పమంటావు?"

"కంప్యూటర్ పాడైంది, అన్నీ పోయాయి అనండి. ఎవరికైనా జరిగేదే."

"పాడవలేదు కదా."

"అయితే పాడవలేదనే చెప్పండి. నన్నెందుకు అడగడం?"

గురువారం పదకొండింటికి కూతురు వచ్చింది. రికార్డిస్టు భార్య మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టింది. రికార్డిస్టు కూర్చోలేదు.

"అమ్మా, బొమ్మ పడింది. మీ నాన్న వైపు శబ్దం పడలేదు. తప్పు నాదే. ఒక టిక్ పెట్టాల్సింది పెట్టలేదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "ఏ వారంలో?"

"అన్ని వారాల్లోనూ."

ఆమె పెన్‌డ్రైవ్‌ను బల్ల మీద పెట్టింది. "అమ్మకు తెస్తానని చెప్పి వచ్చాను, బాబాయ్."

"తెలుసు."

"సరే, వెయ్యండి. చూద్దాం."

ఆయన పంతొమ్మిదో వారం వేశాడు. చప్పుళ్లాయన జల్లెడలో ఎండు బఠాణీలు పోసి అటూ ఇటూ ఒంచుతున్నాడు. రికార్డిస్టు గొంతు వినిపించింది: "ఇది వీధిలో వాన. నాకు రేకు మీద వాన కావాలి... ఆఁ. దూరం జరుగు. ఇంకా... అదీ." కాసేపు ఆగి నవ్వు. "మీ ఆవిడ చూస్తే జల్లెడతో పాటు నిన్నూ బయట పడేస్తుంది."

"అమ్మ అప్పుడు వెనకాలే ఉంది," అంది కూతురు. "ఇదిగో, చీర అంచు."

మళ్లీ వేయమంది. రెండోసారి చూస్తూ చూస్తూ ఆమె చేతులు ఒళ్లో కదిలాయి. చిన్నప్పుడు నాన్న ఇంట్లో సాధన చేస్తుంటే ఎదురుగా కూర్చుని హోంవర్క్ చేసుకున్న పిల్ల. మూడోసారి అడక్కుండా లేచింది.

"పిన్నీ, జల్లెడ ఇస్తారా? ఎండు బఠాణీలు ఉన్నాయా?"

"శనగలున్నాయి."

"వాన కాస్త సన్నబడుతుంది. పరవాలేదు."

రికార్డిస్టు మైకు బల్ల చివరికి జరిపాడు. ఈసారి తన పాత గొంతు మూగబోయేలా చేసి, బొమ్మ మాత్రమే నడిపాడు. తెర మీద చప్పుళ్లాయన జల్లెడ ఎత్తగానే, తనకు తెలియకుండానే చెయ్యి పైకెత్తి దించాడు. కూతురు జల్లెడ ఒంచింది.

"ముందొచ్చావు."

"నాన్నే లేటు."

"మీ నాన్న ఏనాడూ లేటవలేదు. మళ్లీ."

నాలుగోసారికి కుదిరింది. ఆ పూట పదకొండు చప్పుళ్లు చేశారు. కొబ్బరి చిప్పలు పక్కింటి నుంచి తెచ్చారు. గొళ్లానికి బాత్‌రూమ్ తలుపు పనికొచ్చింది. మంట చప్పుడు కోసం భార్య దాచుకున్న గిఫ్ట్ కాగితం నలిపితే ఆవిడ, "రిటైరైనా ఇల్లు స్టూడియోయే," అని విసుక్కుని, ఫ్రిజ్ శబ్దం పడుతోందని తనే వెళ్లి స్విచ్ కట్టేసింది. ఒక్కో చప్పుడు అయిన వెంటనే రికార్డిస్టు చివరిదాకా తిరిగి వేసి విన్నాడు.

ముప్పై ఒకటో వారం చివర్లో చప్పుళ్లాయన చేతిలో ఏమీ లేదు. కెమెరాకు దగ్గరగా వచ్చి ఏదో అన్నాడు. నాలుగైదు మాటలు. దానికి రికార్డిస్టు గొంతు, "చూద్దాంలేరా, వచ్చే వారం," అంది.

"నాన్న ఏమన్నాడు?"

రికార్డిస్టు ఆ ముక్క ఆరుసార్లు వేశాడు. అనౌన్సరుకు ఫోన్ చేశాడు. ఆవిడకూ గుర్తు లేదు. ఊహించి చెప్పవచ్చు. చెప్పలేదు.

"గుర్తు లేదమ్మా."

కూతురు తల ఊపింది. "అది అలాగే ఉండనివ్వండి. కొత్తగా చేసిన పదకొండూ ఎక్కించండి. మీ గొంతుతో ఉన్న ముప్పై ఒకటీ ఎక్కించండి."

"వాటిలో నా నస తప్ప ఏముంది?"

"ఎదురుగా నాన్న ఉన్నాడు కదా. మీరు ఊరికే నవ్వలేదు."

ఫైళ్లు ఎక్కడానికి నలభై నిమిషాలు చూపించింది. ఆలోపు రికార్డిస్టు సొరుగులోంచి తెల్ల చీటీ తీశాడు. స్టేషన్‌లో ప్రతి టేపు డబ్బా మీదా అంటించే వివరాలన్నీ వరసగా రాశాడు: తేదీ, నిడివి, రికార్డింగ్ ఎవరిది. చప్పుళ్లు అన్న వరస దగ్గర కలం ఆగింది. ఇరవై ఏడేళ్లు అక్కడ ఒకే పేరు రాశాడు, ఎవరినీ అడగలేదు.

"ఇక్కడ నీ పేరు రాయనా?"

ఆమె శనగలు డబ్బాలోకి ఎత్తుతోంది. "చేతులు నాన్నవి. నేను వెనకాల చప్పుడు చేశానంతే."

ఆయన ఆ పాత పేరే రాశాడు. పక్కన కాస్త చోటు మిగిలింది. ఆమె అటు తిరిగి ఉండగా అందులో ఆమె పేరు కూడా ఇరికించి, సిరా ఆరేదాకా చీటీని ఆమెకు ఇవ్వలేదు.