బల్ల జామీను

పొయ్యి ఇంకా చల్లారలేదు. మూడో బల్ల ఆడవాళ్ళు దానికి పాత గుడ్డలు చుట్టి ముసలమ్మ గదిలోంచి బయటికి మోసుకొస్తున్నారు. సగం ఉడికిన అన్నం గిన్నె గుమ్మం పక్కన నేల మీద ఉంది. ముసలమ్మ దాని పక్కనే కూలబడి, "ఆ గింజలు ఉడికేదాకా అయినా ఆగండే, మీ కాళ్ళు పట్టుకుంటా" అంటోంది. మోసేవాళ్ళు మొహాలు తిప్పుకుని ఏడుస్తున్నారు, ఏడుస్తూనే మోస్తున్నారు. లాండ్రీ గుమస్తా మాత్రం గొడుగు కింద నిలబడి పళ్ళు కుట్టుకుంటున్నాడు. ఒక్క వస్తువు మీద చెయ్యి వెయ్యలేదు.

ఆ లాండ్రీలో పద్ధతే అంత. హోటళ్ళ దుప్పట్లూ, ఆసుపత్రుల పక్కబట్టలూ బళ్ళకొద్దీ అక్కడికి వస్తాయి. బల్లకి నలుగురు ఆడవాళ్ళు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఇస్త్రీయే. వచ్చే కూలి చాలదు గనక అందరూ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్ళే. వారం వారం కూలిలోంచి కిస్తీ, వడ్డీ కోసేసుకుంటాడు. జ్వరమొచ్చి పడుకుంటే ఆ వారం కూలి కిస్తీకే చాలదు. అప్పుడు బల్లలో తక్కిన ముగ్గురి కూలికి కోత పడుతుంది. కోత ఆగాలంటే ఆ ముగ్గురే వెళ్ళి, కిస్తీ తప్పినదాని సామాను తమ చేతులతో మోసుకొచ్చి లాండ్రీ షెడ్డులో పడెయ్యాలి. దీనికి బల్ల జామీను అని పేరు.

నాలుగో బల్ల పెద్దకోడలు తన గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. "అయ్యో పాపం" అంది కూడా. కానీ అబద్ధమెందుకు, ఆమె చెవి ముసలమ్మ ఏడుపు మీద లేదు. పక్క గదిలో గిర్రుమని తిరుగుతున్న ఫ్యాను మీద ఉంది.

ఆ గది ఆమె తోడికోడలిది. చిన్నకోడలిదీ అదే లాండ్రీ, అదే బల్ల, అదే కూలి. మొగుళ్ళిద్దరూ అన్నదమ్ములు, ఒకే మార్కెట్లో మూటలు మోస్తారు. మరి దానికి ఫ్యాను ఎక్కడిది? వారం చివర్న అందరి గిన్నెలూ బోర్లించి ఉంటే దాని గదిలోంచి కూర వాసన ఎలా వస్తోంది? దాని పిల్లల చెంపలు అంత నున్నగా ఎందుకున్నాయి? పెద్దకోడలికి కడుపు రగిలిపోయేది. గోడకి చెవి ఆనించి వినేది. లోపల పదిమంది నవ్వినట్టు వినిపిస్తే, ఒళ్ళు మండి చేతిలో ఉన్న గిన్నె ఎత్తి కుదేసేది.

తనేం తక్కువ తిన్నదా? కూలి రాగానే అద్దె డబ్బు ఒక మూట కట్టేది, కూతురి బడి ఫీజు ఇంకో మూట. బియ్యం డబ్బాకి తాళం వేసి, తాళంచెవి గూట్లో సబ్బుపెట్టె వెనక దాచేది. గ్లాసుతో కొలిచేటప్పుడు పైన అరచేత్తో రాసి మరీ సమం చేసేది. వారం చివరికి డబ్బా అడుగున ఇంకా గుప్పెడు మిగిలేది. "సంసారం చెయ్యడం ఎవరైనా నా దగ్గర నేర్చుకోవాలి" అని మొగుడి దగ్గర గొప్పలు పోయేది. రాత్రి కూతురు కంచంలో సగం వదిలేసి "ఆకలి లేదమ్మా" అంటే, ఇంటి సంగతి తెలిసిన పిల్ల అని మురిసిపోయేది.

గుమస్తా మహా గడుసువాడు. ఇస్త్రీ చేస్తుంటే పక్కకొచ్చి గొంతు తగ్గించి, "నీ ఒక్కదానికే వడ్డీ తగ్గించమని అయ్యగారితో చెప్పానమ్మా. ఎవరితోనూ అనకు. మీ బల్లలో ఒకత్తి బాగా వెనకేస్తోంది, కాస్త కనిపెట్టి ఉండు" అనేవాడు. ఆ ఒకత్తి ఎవరో పెద్దకోడలు వెతుక్కోనక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం, దుప్పట్లు ఆరేసిన పెరట్లో, తడి బట్టల మధ్య అందరూ కూడారు. పిలిచింది చిన్నకోడలే.

"గుమస్తా ఏనాడన్నా ఒక గరిటె ఎత్తాడా? యజమాని ఏనాడన్నా మన వీధి మొహం చూశాడా?" అంది. "వాళ్ళకి చేతుల్లేవే! మోసేవి మన చేతులే. మనం మొయ్యం అన్నామనుకో, వాడేం చేస్తాడు?"

"కోత వేస్తాడు" అంది మూడో బల్లలోంచి ఒకామె. ఆమె కళ్ళు ఇంకా ఉబ్బి ఉన్నాయి.

"వెయ్యనీ. అందరం ఇస్త్రీపెట్టెలు దించేద్దాం. హోటలువాడు ముడతల దుప్పట్లు పరుస్తాడా?"

"పిల్లలకేం పెడతాం, ముడతలా?"

"కలిసి వండుకుంటే..." అనబోయింది చిన్నకోడలు.

పెద్దకోడలు ఇక ఆగలేకపోయింది. "నీకేమమ్మా! ఫ్యాను కింద కూర్చుని ఎన్ని కబుర్లయినా చెప్తావు. ముందు ఆ ఫ్యాను ఎలా వచ్చిందో చెప్పు. గుమస్తా ఇచ్చాడా?"

నాలుగో బల్లలో తక్కిన ఇద్దరూ, పొడుగామె, నవ్వులామె, చిన్నకోడలి వైపు చూశారు. ముగ్గురి చూపులూ ఒక్క క్షణం కలిసి విడిపోయాయి. పెద్దకోడలు అది పట్టేసింది. ఓహో, వీళ్ళు ముగ్గురూ ఒకటి, నేనొక్కదాన్నే పరాయిదాన్ననుకుంది. అనుమానం అంటుకున్నాక మీటింగేం సాగుతుంది? ఎవరి గొణుగుడు వాళ్ళు గొణుక్కుంటూ చెదిరిపోయారు.

ఆ వారమే చిన్నకోడలి పిల్లాడికి జ్వరం వచ్చింది. పని మానింది. కిస్తీ తప్పింది.

"దానింట్లో ఏముంటుందిలే, చిరిగిన చాపలు తప్ప" అని గుమస్తా విసుక్కున్నాడు.

"ఫ్యాను ఉందిగా" అంది పెద్దకోడలు.

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ లోపల ఎక్కడో చల్లగా కూడా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాలిగా మరి.

ఆ మధ్యాహ్నమే గుమస్తా ముగ్గుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్దకోడలు అందరికంటే ముందు నడిచింది. ఏడాదిగా తొక్కని గడప తొక్కి, నిలువునా ఆగిపోయింది.

గది మధ్యలో పెద్ద గిన్నె. దాని ముందు ముసలమ్మ కూర్చుని కంచంలో అన్నం కలుపుకుంటోంది. ఒంటిపూట బళ్ళు కదా, గోడ వారగా పిల్లలు వరసగా నిద్రపోతున్నారు. చిన్నకోడలి పిల్లలు, పొడుగామె పిల్లలు, నవ్వులామె కవలలు. వాళ్ళందరి మీదా ఫ్యాను అటూ ఇటూ తల తిప్పుతోంది.

"ఏం చూస్తావక్కా?" అంది చిన్నకోడలు నీరసంగా. "మూడిళ్ళకీ ఒకటే పొయ్యి. ఒకటే బియ్యం బస్తా. ఒక్కో వారం ఒక్కొక్కరి కిస్తీకి తక్కిన ఇద్దరం సాయం. మిగిలిందాంతో ముగ్గురం కలిసి పాత ఫ్యాను కొన్నాం. ఈ వారం ముసలమ్మ కూడా మాతోనే తింటోంది. అందుకే నా కిస్తీకి చాల్లేదు."

"నన్నెందుకు పిలవలేదే?" అంది పెద్దకోడలు.

"మొదట పిలిచింది నిన్నే. నా పొయ్యి నాకుంది, ఒకరి కంచంలో చెయ్యి పెట్టే ఖర్మ పట్టలేదన్నావు. ఆ తర్వాత నీకు చెప్పాలన్నా భయం వేసింది."

"ఊఁ, పురాణం చాలు. ఎత్తండి" అన్నాడు గుమస్తా.

పెద్దకోడలు కసిగా వెళ్ళి స్విచ్చు ఆపేసింది. గాలి ఆగగానే పిల్లలు కదిలారు. వరస చివర్న ఒక పిల్ల చెమట తుడుచుకుంటూ, కళ్ళు మూసుకునే, "పిన్నీ... ఫ్యాను..." అంది.

అది తన కూతురు. మూతికి ఇంకా అన్నం మెతుకు అంటుకుని ఉంది.

పెద్దకోడలికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఆకలి లేదమ్మా అన్న మాట. డబ్బా అడుగున మిగిలిన గుప్పెడు. తన తెలివి, తన పొదుపు, తన గొప్పలు, అన్నీ ఈ గిన్నెలోంచి వచ్చాయి. పైగా నిద్రలో పిల్ల నోట అమ్మ కాదు, పిన్ని! ఆమెకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అన్నిటికంటే ఎక్కువ కుళ్ళు పుట్టింది. పళ్ళు బిగించి మళ్ళీ స్విచ్చు వేసింది.

"ఏయ్, ఏంటది?" అన్నాడు గుమస్తా.

"పిల్ల పడుకుంది. నేనెత్తను. కావాలంటే నువ్వే ఎత్తుకో."

గుమస్తా గొంతు తగ్గించాడు. "పిచ్చిదానా, నీ ఒక్కదానికే వడ్డీ తగ్గించానే..."

నవ్వులామె పక్కున నవ్వింది. "నాకూ అదే చెప్పాడు!" పొడుగామె కళ్ళు పెద్దవి చేసి, "నాకూనూ!" అంది. కంచం ముందు నుంచి ముసలమ్మ, "పోయిన నెల నాకూ చెప్పాడే, సచ్చినోడు" అంది. అలికిడికి ఇరుగుపొరుగంతా గుమ్మంలో మూగింది. పొడుగామె చేతులు కట్టుకుంది. గుమస్తా తనే ఫ్యాను పట్టుకోబోయాడు. అన్ని కళ్ళు చూస్తుంటే ఆ చెయ్యి ముందుకు సాగలేదు. "పో బయటికి!" అని పెద్దకోడలు తలుపు చూపించింది. గొడుగు అక్కడే మర్చిపోయి వెళ్ళాడు.

ఆ కబురు రాత్రికి రాత్రే అన్ని బల్లలకీ పాకింది. తెల్లారేసరికి లాండ్రీలో ఒక్క ఇస్త్రీపెట్టె వేడెక్కలేదు. ముడతల దుప్పట్లు తోపుడుబళ్ళలో కొండల్లా పడి ఉన్నాయి. మూడో బల్ల వాళ్ళు షెడ్డు తాళం పగలగొట్టి, ముసలమ్మ పొయ్యిని తాము తెచ్చినచోటికే తిరిగి మోసుకెళ్ళారు. గేటు ముందు అందరూ బైఠాయించారు. యజమాని కారు వచ్చింది, దాని వెనకే పోలీసు జీపు.

"ఎవరు మొదలెట్టింది?" అని లాఠీ ఊపుతూ అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే" అంది చిన్నకోడలు లేచి.

అందరి కళ్ళూ దాని మీదే. ఆ కళ్ళలో ఎంత ప్రేమ! పెద్దకోడలికి భగ్గుమంది. ఫ్యాను దానిదే, గిన్నె దానిదే, నా కూతురి కలవరింత దానిదే, ఇప్పుడు ఇది కూడా దానికేనా?

"అబద్ధం!" అని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "అది ఊరికే మాట్లాడిందంతే! స్విచ్చు మళ్ళీ వేసింది నేను. గుమస్తాని బయటికి పొమ్మన్నది నేను. నన్ను ముందు ఎక్కించండి!"

"చేతులు కట్టుకున్నది నేను కాదేంటి?" అంది పొడుగామె. "తాళం పగలగొట్టింది మేము" అన్నారు మూడో బల్ల వాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. జీపు చిన్నది. తోడికోడళ్ళిద్దర్నీ తోసి తలుపు వేశారు.

"జరుగు" అంది పెద్దకోడలు. చిన్నకోడలు జరిగింది. జీపు కదిలింది. గేటు దగ్గర ఒక్కరూ లేచి పనిలోకి వెళ్ళలేదు. సాయంత్రానికి ఇంతమందికీ, ఇంతమంది పిల్లలకీ తిండెలా అని పెద్దకోడలికి అప్పుడు తట్టింది. జీపు కమ్మీలకి మొహం ఆనించి గొంతు చించుకుని అరిచింది.

"నవ్వులామే! తాళంచెవి గూట్లో ఉంది, సబ్బుపెట్టె వెనక! డబ్బాలో బియ్యమంతా వండేయండి, కొలవకండి!"

జీపు మలుపు తిరుగుతుండగా ఇంకోసారి అరిచింది.

"దాని పొయ్యి మీద కాదు, నా పొయ్యి మీద వండండి!"