రెండు రోజులకని తీసిన మూత

నేను ఒక సంపు మూతను. రెండడుగుల చదరపు ఇనుప రేకును, చుట్టూ పట్టీ, పైకెత్తడానికి మధ్యలో ఓ కడ్డీ. హన్మకొండలో ఒక వెల్డింగ్ షాపులో పుట్టాను. నా పక్కనే తయారైన గేటుకు నెమళ్లు అతికి బంగారు రంగు వేశారు. నాకు ఎర్ర రంగు ఓ పూత పూసి ఎండలో పడేశారు. అందుకు నేనేమీ బాధపడలేదు. గేటు ఉన్నది అందానికి, నేనున్నది ప్రాణాలకు. కింద ఆరడుగుల నీళ్లుంటే పైన మూతకు నెమళ్లెందుకు చెప్పండి.

నన్ను చేయించుకున్నది మధూకర్. కొత్త ఇంటి ముందు, గేటుకూ వరండాకూ మధ్య ఉన్న సంపు మీద నన్ను కూర్చోబెట్టాడు. ఇంట్లో ఆయన భార్య స్రవంతి, తల్లి కనకవ్వ, కూతురు జున్ను. బడిలో ఏ పేరు రాయిస్తారో తెలియదు గానీ అందరూ జున్ను అనే పిలుస్తారు. దానికి రెండేళ్లు నిండాయి. ఆ వయసు పిల్లకు కనిపించిందల్లా ముట్టుకోవాలి, వీలైతే నాకాలి. నన్ను కూడా ఒకసారి నాకి మొహం చిట్లించుకుంది.

తలుపు తీసి ఉంటే హాలంతా నాకు కనిపిస్తుంది. ఆ పిల్ల కోసం వాళ్లు పడే తిప్పలు చూసి ముచ్చటపడేదాన్ని. స్రవంతి ప్లగ్గులన్నిటికీ ప్లాస్టిక్ బిరడాలు బిగించింది. మధూకర్ టీపాయి మూలలకు స్పాంజి అంటించాడు. ఫినాయిల్ డబ్బా అటకెక్కింది. కనకవ్వ రోజూ అరికాలికి దిష్టిచుక్క పెట్టేది. ఈ జాగ్రత్తలన్నీ గడప లోపలివి. గడప దాటితే ఉన్నది నేనొక్కదాన్నే.

ఇలా ఉండగా వీధిలో మురుగు పోవడానికి కొత్త మోరీ కట్టారు. దాని గట్టు గేటు ముందు జానెడు ఎత్తు లేచింది. స్కూటీ ఎక్కనని మొరాయించింది. మధూకర్ అటూ ఇటూ చూశాడు. ఇటుకలు చూశాడు, చెక్క చూశాడు, చివరికి నన్ను చూశాడు. 

"రెండు రోజులే. ఐతారం మేస్త్రీని పిలిచి ర్యాంపు కట్టిపిస్త" అన్నాడు నన్ను ఈడ్చుకుపోయి మోరీ మీద వేస్తూ.

"మరి సంపో?" అంది స్రవంతి.

అడిగింది, అదే నయం. దానికాయన చేసిన పని చెబితే మీరు నమ్మరు. జున్ను మొదటి పుట్టినరోజుకు కొట్టించిన ఫ్లెక్సీ మేడ మీద చుట్టి ఉంది. అది తెచ్చి సంపు మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు. నీళ్లలో దుమ్ము పడదట! కిరీటం పెట్టుకుని నవ్వే జున్ను మొహం సరిగ్గా సంపు నోటి మీదికొచ్చింది. టీపాయి మూల గుచ్చుకుంటుందని భయపడ్డ మనిషి చేసిన పని ఇది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఐతారం వచ్చింది. మేస్త్రీ ఏదో పెళ్లికి వెళ్లాడన్నారు. ఆ పై ఐతారం వీళ్లే పెళ్లికి వెళ్లారు. బండి ఎక్కినప్పుడల్లా నేను ఠంగుమని మోగేదాన్ని. కుదురుగా కూర్చోబెట్టకపోతే ఇనుము మోగదా? "ఈ మూత చెవులు కోస్తున్నది" అని కనకవ్వ నన్నే తిట్టేది. ఆ చప్పుడుకు సంతోషించింది జున్ను ఒక్కతే. నాన్న వచ్చాడని గేటు దగ్గరికి ఉరికొచ్చేది. ఎవరో ఒకరు వెనకే వచ్చి ఎత్తుకునేవారు.

ఒకరోజు పొద్దున మధూకర్ డ్యూటీకి వెళ్లాడు. స్రవంతి వంటింట్లో కూర కలుపుతూ ఫోన్లో మాట్లాడుతోంది. పిల్ల అత్తమ్మ దగ్గరుందని ఆమె ధీమా. కనకవ్వ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పిల్ల తల్లి దగ్గరుందని ఈమె ధీమా. జున్ను వరండా మెట్లు ఒక్కొక్కటే కూర్చుని కూర్చుని దిగి, నేరుగా ఫ్లెక్సీ దగ్గరికి వచ్చింది. తన మొహం చూసి "పాప" అంది.

నేను గేటు బయట మోరీ మీద పడి ఉన్నాను. రోజూ అక్కర్లేని చప్పుడు చేసేదాన్ని, ఆ క్షణాన కిక్కురుమనలేకపోయాను. పిల్ల వంగి ఫొటో బుగ్గ మీద చెయ్యి వేసింది. ఫ్లెక్సీ కుంగింది. దానికి అది ఆటగా తోచింది. మళ్లీ నొక్కింది. ఒక ఇటుక కదిలింది. ఇక తొక్కి చూద్దామని కాలెత్తింది.

సరిగ్గా అప్పుడు, పక్కింటికి గ్యాస్ తెచ్చినతను ఇల్లు పొరబడి మా గేటు ముందు ఆగాడు. భుజం మీది సిలిండర్‌ను దబీమని నా మీద దించాడు. పుట్టినప్పటి నుంచి అంత గట్టిగా నేనెప్పుడూ మోగలేదు. జున్ను ఎత్తిన కాలు వెనక్కి పెట్టి, "నానా" అంటూ సంపు పక్కగా గేటు వైపు ఉరికింది. దాని మడమ తగిలి ఇటుక సంపులోకి జారింది. ఫ్లెక్సీ కూడా దాని వెంటే పోయింది.

బుడుంగుమన్న చప్పుడుకు ఇద్దరాడవాళ్లూ చెరో వైపు నుంచి పరుగెత్తుకొచ్చారు. సంపు నోరు తెరుచుకుని ఉంది. లోపల నీళ్ల మీద జున్ను మొహం తేలుతోంది. స్రవంతి అక్కడే కూలబడింది. గేటు పట్టుకుని నిలబడ్డ పిల్లను ముందు చూసింది కనకవ్వే.

"నీ దగ్గరున్నదనుకున్న అత్తమ్మా" అంది స్రవంతి, పిల్లను ఒళ్లోకి లాక్కుంటూ.

"నేను నీ దగ్గరున్నదనుకున్న బిడ్డా" అంది కనకవ్వ.

సాయంత్రానికి నేను నా చోటికి చేరాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నాకో గొళ్లెం వచ్చింది, తాళం వచ్చింది. స్కూటీ ఇప్పుడు రోడ్డు మీదే ఉంటోంది, దానికేమీ జ్వరం రాలేదు. ఈ పని మొదటి రోజే చేస్తే వీళ్ల సొమ్మేం పోయేదో నాకిప్పటికీ అర్థం కాదు.

నిన్న సాయంత్రం మధూకర్ వరండాలో టీ తాగుతున్నాడు. ఎదురింటి ముందు బండి ఎక్కగానే ఠంగుమని మోగింది. అది దేని చప్పుడో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ ఇంట్లో పిల్లాడు ఈమధ్యే నడక నేర్చాడు.

"జర పోయి చెప్పిరారాదు" అంది స్రవంతి. ఆమె ఒళ్లో జున్ను నిద్రపోతోంది.

"మనకెందుకు. ఏమన్న అనుకుంటరు" అన్నాడు మధూకర్.

నాకే కాళ్లుంటే ఈపాటికి రోడ్డు దాటి ఉండేదాన్ని. కాళ్లున్న ఆయనేమో టీ చల్లారిపోతోందని కప్పు ఎత్తాడు.